బ్యాంకాక్‌లో మంచి పాడ్ థాయ్ ఎక్కడ తినాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

బ్యాంకాక్ వెళ్లే తెలుగువాళ్లు పాడ్ థాయ్ గురించి అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఏ షాపు, ఎంత డబ్బు, శాకాహారం దొరుకుతుందా, పిల్లలు తింటారా. తెలిసినంతలో వివరంగా రాశాను. హోటల్ గదికి దగ్గరగా ఉందని ఏదో ఒక చోట తినేసి "ఇంతేనా పాడ్ థాయ్" అనుకుని తిరిగి వచ్చేవాళ్లను చూస్తే నిజంగా బాధగా ఉంటుంది. కాస్త ముందుగా తెలుసుకుని వెళ్తే అలా జరగదు.

అసలు పాడ్ థాయ్‌లో ఏముంటుంది?

బియ్యప్పిండితో చేసిన సన్నటి, చదునైన నూడుల్స్. వాటిని ఉడికించరు, నీళ్లలో నానబెడతారు. బాగా కాలిన బాణలిలో నూనె వేసి, టోఫు ముక్కలు, ఎండు రొయ్యలు, తియ్యగా ఊరబెట్టిన ముల్లంగి తరుగు వేయిస్తారు. తర్వాత నూడుల్స్, పులుసు, గుడ్డు. చివర్లో పెసర మొలకలు, వెల్లుల్లి వాసన వచ్చే పచ్చటి కాడలు. పైన దంచిన పల్లీలు, పక్కన నిమ్మచెక్క. మంచి చోట ఒక అరటిపువ్వు ముక్క కూడా పెడతారు. దాని వగరు ఆ తీపి పులుపుల మధ్య చాలా బాగుంటుంది, పక్కన పెట్టేయకండి.

రుచంతా పులుసులో ఉంటుంది. చింతపండు, తాటిబెల్లం, చేపల నుంచి తీసిన ఉప్పటి రసం, ఈ మూడింటినీ ముందుగానే కాచి ఉంచుకుంటారు. మన ఇళ్లలో పులిహోర పులుసు కాచి పెట్టుకున్నట్టే. అందుకే మొదటిసారి తిన్న తెలుగువాళ్లకు కూడా ఇది అంత కొత్తగా అనిపించదు.

ఇది థాయ్ వంటేనా, చైనా వంటా?

బాణలిలో నూడుల్స్ వేయించడం చైనా నుంచి వలస వచ్చినవాళ్లు తెచ్చిన పద్ధతి. చింతపండు, తాటిబెల్లం, చేపల రసం అక్కడి నేలవి. 1938 చివర్లో ప్రధాని అయిన ఫిబున్ సోంగ్‌ఖ్రామ్ హయాంలో, 1939లో సయామ్ పేరు థాయ్‌లాండ్‌గా మారింది. జాతీయ భావన పెంచాలని ఆయన ప్రభుత్వం తిండి, బట్ట, భాష అన్నింటిలోనూ కొత్త నియమాలు తెచ్చింది. యుద్ధకాలంలో నూడుల్స్ తినమని ప్రజలకు ప్రచారం కూడా చేసింది. ఆ రోజుల్లోనే ఈ వంట వీధివీధికీ చేరింది. ఒక దేశం పేరు పెట్టుకున్న వంట, ఆ దేశానికి ఆ పేరు వచ్చిన కాలంలోనే జనంలోకి వెళ్లిందన్నమాట.

మొదటిసారి వెళ్తున్నాం. ఒక్క చోటే తినగలం. ఎక్కడికి వెళ్లాలి?

పాత బ్యాంకాక్‌లో మహాచాయ్ రోడ్డు మీద ఉన్న థిప్ సమాయ్‌కి వెళ్లండి. 1966 నుంచి నడుస్తున్న షాపు. అక్కడివాళ్లు దీన్ని "ప్రతు ఫీ" పాడ్ థాయ్ అని కూడా అంటారు, అంటే దెయ్యాల గుమ్మం దగ్గరి పాడ్ థాయ్. పాత నగరంలో చనిపోయినవాళ్లను ఆ ద్వారం గుండా కోట గోడ దాటించి, దహనానికి వాత్ సాకేత్ ఆలయానికి తీసుకువెళ్లేవారు. ఆ ఆలయం బంగారు గోపురం గుట్ట మీద ఇప్పటికీ దగ్గర్లోనే కనిపిస్తుంది. సాయంత్రం గుట్ట ఎక్కి, దిగి, తిండికి రావడం చాలా మంచి ప్లాన్.

షాపు ముందే బాణలులు పెట్టి బొగ్గుల మంట మీద వండుతుంటారు. క్యూలో నిలబడి అదంతా చూడవచ్చు. రొయ్యల కొవ్వు నుంచి తీసిన నూనె వాడటం వల్ల నూడుల్స్‌కి నారింజ రంగు, ఒక ప్రత్యేకమైన కమ్మదనం వస్తాయి. ఎక్కువమంది తీసుకునేది పలుచటి ఆమ్లెట్‌లో చుట్టి ఇచ్చే రకం. ఆ చుట్టే పని చూడటానికి బాగుంటుంది, ఫొటోకీ బాగుంటుంది. కానీ మొదటిసారి తినేవాళ్లు కనీసం ఒక ప్లేటైనా మామూలు రకం తీసుకోండి. ఆమ్లెట్ లేనప్పుడే నూడుల్స్‌కి పట్టిన మంట వాసన, పులుసు రుచి సరిగ్గా తెలుస్తాయి. అక్కడి కమలారసం చాలా చిక్కగా, బాగుంటుంది. ధర మాత్రం ముందే అడగండి, ఒక్కోసారి అది పాడ్ థాయ్ ప్లేటుకు దగ్గరగా ఉంటుంది.

థిప్ సమాయ్‌కి ఎలా వెళ్లాలి?

మనవాళ్లలో చాలామంది ప్రతునామ్ చుట్టుపక్కల దిగుతారు. అక్కడి నుంచి సేన్ సేప్ కాలువ పడవ ఎక్కితే చివరి స్టాప్ ఫాన్ ఫా. పడవ అక్కడిదాకా వెళ్తోందో లేదో ఎక్కే ముందు ఒకసారి అడగండి. ట్రాఫిక్ టెన్షన్ లేదు, టికెట్ చాలా తక్కువ. దిగగానే తెల్లటి మహాకాన్ కోట కనిపిస్తుంది. దాని పక్క నుంచే మహాచాయ్ రోడ్డు మొదలవుతుంది, అక్కడి నుంచి నడకే. పడవలు రాత్రి పొద్దుపోయేదాకా ఉండవు కాబట్టి తిరుగు ప్రయాణానికి టాక్సీ యాప్ సిద్ధంగా పెట్టుకోండి. మెట్రోలో అయితే సామ్ యోట్ స్టేషన్‌లో దిగి కాస్త ఎక్కువ నడవాలి. పెద్దవాళ్లు వెంట ఉంటే టాక్సీయే మంచిది.

క్యూ చాలా పెద్దగా ఉంటే నిలబడాలా?

సాయంత్రం ఏడు దాటాక క్యూ పొడవుగా ఉంటుంది. కానీ వంట వేగంగా సాగుతుంది కాబట్టి చూసినంత భయం అక్కర్లేదు. చిన్నపిల్లలు ఉంటే కాస్త తొందరగా వెళ్లండి. ఐకాన్‌సయామ్ లాంటి మాల్స్‌లో వీళ్ల శాఖలున్నాయి, ఏసీలో కూర్చుని తినవచ్చు. రుచి బాగానే ఉంటుంది. అయినా మహాచాయ్ రోడ్డు షాపులో బొగ్గుల ముందు నిలబడి, ఆ వేడిలో తినడంలో ఉన్న ఆనందం నాకు మాల్‌లో కలగలేదు.

అదే వరుసలో కళ్లకు స్కీయింగ్ గాగుల్స్ పెట్టుకుని బొగ్గుల మీద వండే జే ఫాయ్ షాపు కూడా ఉంది. ఆవిడ పీతల ఆమ్లెట్‌కి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు, అక్కడి క్యూ వేరు. రెండు క్యూలనూ కలిపేసుకుని తప్పు క్యూలో నిలబడకండి.

బ్యాంకాక్‌లో ఇంకా ఎక్కడ బాగుంటుంది?

ప్రజాస్వామ్య స్మారకం దగ్గర దిన్సో రోడ్డులో పాడ్ థాయ్ ఫాయ్ థలు ఉంది. మంట బాణలిలోకి లేచేలా వండటం వీళ్ల ప్రత్యేకత. మాడీ మాడని ఆ పొగ వాసన ఇష్టపడేవాళ్లకు ఇది చాలా నచ్చుతుంది. నాకైతే ఆమ్లెట్‌లో చుట్టిన పాడ్ థాయ్ కంటే ఇలాంటిదే ఎక్కువ ఇష్టం.

చరోన్ క్రుంగ్ 44వ సందులో బాన్ ఫడ్ థాయ్ ఉంది. పాత షాపు ఇంటిని నీలం రంగులో ముస్తాబు చేసి పెట్టారు. సఫాన్ తాక్సిన్ రైలు స్టేషన్ నుంచి నడవవచ్చు. కుటుంబంతో కూర్చుని నెమ్మదిగా తినడానికి అనువైన చోటు, ధర మాత్రం వీధిబండి కంటే బాగా ఎక్కువ.

థాంగ్ లో స్టేషన్ దగ్గర హోయ్ తోడ్ చావ్ లే ఉంది. ఈ షాపుకి అసలు పేరొచ్చింది ఆలుచిప్పల అట్టుతో. పెద్ద పెనం మీద కరకరలాడేలా వేస్తారు. అక్కడే పాడ్ థాయ్ కూడా వండుతారు. బ్యాంకాక్‌లో ఈ రెండూ ఒకే షాపులో ఉండటం మామూలే, ఎందుకంటే మొలకలు, గుడ్డు, పెనం రెండింటికీ కావాలి. ఆలుచిప్పలు తినేవాళ్లు రెండూ చెప్పి పంచుకోండి.

పేరున్న షాపులు వద్దు, వీధిబండి మీద తినాలి. మంచిదో కాదో ఎలా గుర్తుపట్టాలి?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు చాలా ఇష్టం. బ్యాంకాక్‌లో గొప్ప పాడ్ థాయ్ చాలావరకు మ్యాప్‌లో లేని బండ్ల మీదే ఉంటుంది.

మొదట చూడాల్సింది బండి మీద ఎన్ని రకాలు ఉన్నాయని. ఒక్క పాడ్ థాయ్, మహా అయితే ఆలుచిప్పల అట్టు, అంతే ఉంటే ఆగండి. ఫ్రైడ్ రైస్, స్ప్రింగ్ రోల్స్, మామిడిపండు అన్నం, తేలు వేపుడు అన్నీ ఒకే బండి మీద ఉంటే ముందుకు నడవండి.

రెండోది, ఒకేసారి ఎన్ని ప్లేట్లు వండుతున్నారు? ఒకటి, రెండు, మూడు వరకు ఫర్వాలేదు. పాడ్ థాయ్‌కి పెద్ద మంట కావాలి. బాణలిలో ఎక్కువ వేస్తే వేడి తగ్గిపోతుంది, నూడుల్స్ వేగకుండా నీరు విడిచి మెత్తబడతాయి. పెద్ద పెనం నిండా ముందే వండి కుప్పగా పోసి, మీరు అడగ్గానే ప్లేట్లో గరిటెతో వేసిస్తే అది ఎంత చౌకైనా వద్దు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ మర్చిపోయినా నష్టం లేదు.

మూడోది రంగు. లేత గోధుమ నుంచి నారింజ గోధుమ వరకు ఉండవచ్చు. టమాటా సాస్ పోసినట్టు ఎర్రగా మెరుస్తుంటే అది చింతపండు రంగు కాదు. తెల్లగా పాలిపోయి ఉంటే పులుసు సరిపోలేదు.

తర్వాత చుట్టూ కూర్చున్నవాళ్లను చూడండి. ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్లు, స్కూలు యూనిఫాం పిల్లలు, పార్సిల్ కోసం హెల్మెట్ పెట్టుకుని నిలబడ్డ డెలివరీ కుర్రాళ్లు కనిపిస్తే మంచి గుర్తు. మొలకలు తెల్లగా, గట్టిగా ఉన్నాయా, పల్లీలు కొత్తగా వేయించినవేనా చూడండి. పాత పల్లీల కమురు వాసన ఒక్కటి చాలు ప్లేటు మొత్తం పాడు చేయడానికి.

ప్లేటు వచ్చాక నూడుల్స్‌ని ఫోర్కుతో ఎత్తి చూడండి. ఒకదానికొకటి అతుక్కోకుండా విడివిడిగా, కొరికితే కొద్దిగా సాగుతూ ఉండాలి. ప్లేటు అడుగున నూనె మడుగు ఉండకూడదు.

ఖావో సాన్ రోడ్డులో తింటే ఏమవుతుంది?

ఏమీ కాదు, కడుపు నిండుతుంది. చౌక, అర్ధరాత్రి కూడా దొరుకుతుంది. కానీ అక్కడి చాలా బండ్లు విదేశీయుల కోసం ముందే వండి పెట్టుకుంటాయి, పసుపు పచ్చ గోధుమ నూడుల్స్ కూడా వాడతాయి. దిన్సో రోడ్డు అక్కడి నుంచి నడిచేంత దూరమే. ఆ నడక నడవండి.

షాపు ముందు మిషెలిన్ బోర్డు ఉంటే నమ్మవచ్చా?

మంచి రెస్టారెంట్లను ఎంచి నక్షత్రాలు ఇచ్చే మిషెలిన్ గైడ్ బ్యాంకాక్‌కి 2017 డిసెంబరులో వచ్చింది. నక్షత్రాలు వేరు, తక్కువ ధరలో మంచి తిండి పెట్టే చోట్లకు ఇచ్చే బిబ్ గూర్మాండ్ గుర్తింపు వేరు. పాడ్ థాయ్ తినేవాళ్లకు పనికొచ్చేది రెండోదే. బోర్డు మీద సంవత్సరం చూడండి. ఈ గుర్తింపు ఏటా మళ్లీ ఇస్తారు, పాత బోర్డును ఎవరూ తీసేయరు. నాకు బోర్డు కంటే బాణలి చుట్టూ ఉన్న జనం మీదే నమ్మకం.

ఒక ప్లేటు ఎంత ఉంటుంది?

వీధిబండి మీద సుమారు 50 నుంచి 80 బాత్‌లు. పేరున్న షాపుల్లో వంద పైన, పెద్ద రొయ్యలు వేస్తే ఇంకా బాగా ఎక్కువ. బాత్ విలువ ఈమధ్య రెండున్నర, మూడు రూపాయల మధ్య ఉంటోంది. బండ్ల దగ్గర చిన్న నోట్లు ఇవ్వండి, వెయ్యి బాత్‌ల నోటు చూపిస్తే చిల్లరకు ఇబ్బంది పడతారు. ప్లేటు చిన్నగానే ఉంటుంది. బాగా ఆకలితో ఉన్నవాళ్లకు ఒకటి సరిపోదు, అలాగని ఒకేసారి రెండు చెప్పకండి. ఒకటి తిన్నాక రెండోది వేడిగా చెప్పుకోవచ్చు.

మేం శాకాహారులం. మాకు దొరుకుతుందా?

దొరుకుతుంది, కానీ మామూలు షాపులో "మాంసం వద్దు" అంటే చాలదు. రొయ్యలు తీసేసినా పులుసులో చేపల రసం ముందే కలిపి ఉంటుంది, ఎండు రొయ్యలు చిన్న తునకలుగా కలిసిపోయి ఉంటాయి. "మై సై నామ్ ప్లా" అంటే చేపల రసం వేయొద్దని. "మై సై కుంగ్ హేంగ్" అంటే ఎండు రొయ్యలు వేయొద్దని. పాపం వండే ఆవిడ సరేనంటుంది, అయినా కాచి పెట్టుకున్న పులుసును ఆ నిమిషంలో మార్చడం ఆమె చేతిలో లేదు. బాణలి కూడా అదే.

నిష్ఠగా ఉండేవాళ్లు పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న షాపులు వెతకండి. వాటిని "జే" షాపులంటారు. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, వెల్లుల్లి, ఉల్లి కూడా వేయరు. కాబట్టి ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం. దుంపలు తినని జైనులు మాత్రం ఊరబెట్టిన ముల్లంగి వద్దని విడిగా చెప్పాలి. సాధారణంగా అక్టోబరు ప్రాంతంలో వచ్చే శాకాహార పండుగ రోజుల్లో వెళ్తే యావరాత్ వీధి, అంటే అక్కడి చైనాటౌన్, మొత్తం పసుపు జెండాలతో నిండిపోతుంది. శాకాహారికి బ్యాంకాక్ వెళ్లడానికి అంతకంటే మంచి సమయం లేదు.

గుడ్డు తింటాం అనేవాళ్లు "మంగ్‌సావిరత్", అంటే శాకాహారం, అనే మాట వాడండి. "సై ఖై" అంటే గుడ్డు వేయమని.

ఇంట్లో కొందరు తింటారు, కొందరు తినరు అన్నప్పుడు ఒక ఉపాయం ఉంది. సామ్ యోట్ స్టేషన్‌కి దగ్గర్లోని ఫాహురత్ భారతీయుల పేట. అక్కడ శాకాహార భోజనం దొరుకుతుంది. అమ్మానాన్నలకు ముందు అక్కడ తినిపించి, తర్వాత అందరూ కలిసి మహాచాయ్ రోడ్డుకు వెళ్లవచ్చు.

గొడ్డు మాంసం, పంది మాంసం కలుస్తాయా?

పాత పద్ధతిలో ఎండు రొయ్యలు, పచ్చి రొయ్యలే. కోడి, పంది ముక్కలు కొన్ని చోట్ల వేస్తారు, గొడ్డు మాంసం అరుదు. జాగ్రత్త పడాల్సింది పంది కొవ్వు విషయంలో. కొందరు నూనెకు బదులు దాన్ని వాడతారు, కాబట్టి వద్దనుకునేవాళ్లు ముందే అడగాలి. హలాల్ కావాలంటే ఆ గుర్తు పెట్టిన ముస్లిం షాపులు బ్యాంకాక్‌లో చాలానే ఉన్నాయి.

పల్లీల అలర్జీ ఉంది. తినవచ్చా?

అలర్జీ తీవ్రంగా ఉంటే వీధిబండి మీద వద్దు. పల్లీలు పైన చల్లకపోయినా అదే బాణలి, అదే గరిటె, అదే చెయ్యి. "ఫే థువా లిసోంగ్" అంటే నాకు పల్లీలు పడవని అర్థం. థాయ్ అక్షరాల్లో ఫోన్‌లో రాసి చూపించడం ఇంకా మంచిది. రొయ్యలు పడనివాళ్లకూ ఇదే మాట.

కారం లేదు, తియ్యగా ఉంది. కారంగా చేయమని అడగవచ్చా?

వండేటప్పుడు అడగకండి. పాడ్ థాయ్ కారపు వంట కాదు, అందుకే పిల్లలకు బాగా పడుతుంది. బల్ల మీద ఎండుమిరప పొడి, పంచదార, చేపల రసం, మిరపకాయలు వేసిన వెనిగర్ ఉంటాయి. ముందు ఒక ముద్ద ఉన్నదున్నట్టుగా తినండి. తర్వాత నిమ్మచెక్క పూర్తిగా పిండి, మిరప పొడి కొద్దికొద్దిగా కలుపుకోండి. నిమ్మ పడగానే తీపి అణుగుతుంది. మన నాలుకకు కావలసిన మార్పు చాలావరకు అక్కడే అయిపోతుంది. పచ్చి మొలకలను పక్కన వదిలేయకుండా నూడుల్స్‌తో కలిపి తినండి, ఆ కరకర లేకపోతే సగం మజా పోతుంది.

ఏ రోజు, ఏ వేళ వెళ్లాలి?

వీధిబండ్లలో చాలావాటికి సోమవారం సెలవు, ఆ రోజు వెతుక్కుంటూ తిరగకండి. ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సోంగ్‌క్రాన్ పండుగకు చాలామంది సొంతూళ్లకు వెళ్లిపోతారు, ఆ రోజుల్లో మాల్సే దిక్కు. మిగతా రోజుల్లో సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య వెళ్లండి. బాణలి అప్పటికి బాగా కాలి ఉంటుంది, జనం ఇంకా నిండరు.

బ్యాంకాక్ బయట ఎక్కడ తినాలి?

తూర్పున, సుమారు 250 కిలోమీటర్ల దూరంలో చంతబురి ఉంది. పాడ్ థాయ్‌కి పేరెన్నికగన్న నూడుల్స్‌ని "సెన్ చాన్" అంటారు, ఆ పేరు ఈ ఊరిదే. సన్నగా ఉన్నా మంట మీద చితకకుండా సాగుతాయి. అక్కడ పీతలు వేసి వేయించే నూడుల్స్ తిన్నాక బ్యాంకాక్ పాడ్ థాయ్ మీద గౌరవం ఇంకా పెరుగుతుంది, వాటికి మూలం ఏమిటో తెలుస్తుంది కాబట్టి. దక్షిణాన సూరత్ థానీ దగ్గర చాయాలో కొబ్బరిపాలతో చేస్తారు. కోనసీమవాళ్లకు అది తప్పక నచ్చుతుంది. ఈశాన్యంలో కోరాత్‌లో "పాడ్ మీ కోరాత్" అని ఇంకో రకం ఉంది, కారం కాస్త ఎక్కువ, బొప్పాయి సలాడ్‌తో కలిపి తింటారు. అంఫవా తేలియాడే బజారులో వారాంతాల్లో పడవల మీద వండి ఇస్తారు.

చియాంగ్ మాయ్, ఫుకెట్ వెళ్లేవాళ్లు అక్కడ పాడ్ థాయ్ కోసం సమయం ఖర్చు పెట్టవద్దు. చియాంగ్ మాయ్‌లో కొబ్బరిపాల కూరలో నూడుల్స్ వేసిచ్చే ఖావో సోయ్, ఫుకెట్‌లో హొక్కియెన్ నూడుల్స్ తినండి.

హైదరాబాద్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లు ఎలా ఎంచుకోవాలి?

విదేశాల్లో ఉన్నవాళ్లు థాయ్ వాణిజ్య మంత్రిత్వ శాఖ ఇచ్చే "థాయ్ సెలెక్ట్" గుర్తు ఉన్న రెస్టారెంట్లు చూడండి. ఎక్కడైనా సరే ఆర్డర్ ఇచ్చే ముందు పులుసు చింతపండుతోనేనా అని అడగండి. కెచప్, సోయా సాస్ అన్న జవాబు వస్తే అక్కడ వేరే ఏదైనా తినండి. చింతపండు లేని చోట పాడ్ థాయ్ చేయడానికి కెచప్ వాడటం మొదలైందంటే అర్థం చేసుకోవచ్చు. చింతపండు ప్రతి కిరాణా షాపులో దొరికే మన ఊళ్లలో మాత్రం ఆ అవసరం ఎవరికీ లేదు.

పార్సిల్ తీసుకుని హోటల్ గదిలో తినవచ్చా?

అరగంటలో తినేస్తే ఫర్వాలేదు. అంతకంటే ఆలస్యమైతే నూడుల్స్ ఆవిరికి అతుక్కుపోతాయి. తప్పదనుకుంటే మొలకలు, పల్లీలు, నిమ్మచెక్క విడిగా కట్టించుకోండి, డబ్బా మూత కొంచెం తెరిచి ఉంచండి. ఆమ్లెట్‌లో చుట్టినది మాత్రం పార్సిల్ వద్దు, లోపల పూర్తిగా మెత్తబడిపోతుంది.